పాత టేపుల్లో కార్టూన్ ప్రకటనలు: కత్తెర తర్వాత, ముందు టేపు మొత్తం ఎక్కించండి

ప్రశ్న: మా ఇంట్లో పదకొండు వీహెచ్ఎస్ క్యాసెట్లున్నాయి. మా చిన్నప్పుడు నాన్న టీవీ నుంచి రికార్డు చేసినవి. కార్యక్రమాల మధ్యలో అప్పటి కార్టూన్ ప్రకటనలు ఉన్నాయి. వాటిలో ఎర్ర చొక్కా ఎలుగుబంటి వచ్చే టూత్‌పేస్టు ప్రకటనంటే అక్కకీ నాకూ ప్రాణం. ఇంటర్నెట్‌లో దాని కాపీ ఒకటి దొరికింది. కానీ నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎలుగు లేపే సీను అందులో లేదు. పాట కూడా కాస్త నెమ్మదిగా, కింది శ్రుతిలో ఉంది. మా టేపును చవక యూఎస్‌బీ కన్వర్టర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే మొదటి రెండు క్షణాలు చిరిగిపోయినట్టు వచ్చింది, చొక్కా ఎరుపు పక్కకు కారింది, బొమ్మ కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు. ఏఐ యాప్‌లో పెట్టి శుభ్రం చేస్తే ఎలుగు కళ్ళు ఇంకెవరివో అయిపోయాయి. ప్రకటనలు మాత్రం కోసి, ఒక వీడియోగా అక్క పుట్టినరోజుకు ఇవ్వాలనుంది. ఎలా చేయాలి?

జవాబు: ముందు ఆ తప్పిపోయిన సీను సంగతి చూద్దాం. ఒకే ప్రకటనకు రెండు మూడు నిడివులు ఉండటం మామూలే. 1950, 60లలో అమెరికా టీవీలో నిమిషం ప్రకటనలు సర్వసాధారణం. 1970ల మొదట్లో 30 సెకన్లవి వాటి స్థానంలోకి వచ్చాయి, 1980ల నడుమ 15 సెకన్లవి మొదలయ్యాయి. బొమ్మలు మళ్ళీ గీయించాలంటే డబ్బు, కాలం రెండూ కావాలి. అందుకని ఉన్నదాన్నే కోసి వాడేవారు. 1970 ప్రాంతంలో వచ్చిన టూట్సీ పాప్ లాలీపాప్ ప్రకటన ఇందుకు మంచి ఉదాహరణ. పూర్తి నిడివిలో పిల్లాడు ఆవునీ, నక్కనీ, తాబేలునీ అడిగి చివరికి గుడ్లగూబ దగ్గరికి వెళ్తాడు. తర్వాత్తర్వాత వచ్చిన పొట్టి రూపాల్లో మధ్య జంతువులు మాయమయ్యాయి. పొట్టిది చూసి పెరిగినవాళ్ళకు ఆవు ఉందంటేనే నమ్మకం కుదరదు. మీరు చూసింది పొడవైనదీ, ఇంటర్నెట్‌లో పెట్టినవారి దగ్గరున్నది పొట్టిదీ అయ్యుండవచ్చు. రెంటి నిడివినీ సెకన్లలో కొలిచి పక్కపక్కన రాసుకోండి.

ఆ కొలతే పాట సంగతి కూడా చెబుతుంది. ఆ కాలపు కార్టూన్ ప్రకటనలు చాలావరకు ఫిల్మ్ మీద, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీసినవి. పాల్ అనే పాత టీవీ ప్రసార పద్ధతి వాడిన భారత్ లాంటి దేశాల్లో టీవీ సెకనుకు 25 ఫ్రేములు చూపించేది. 24 ఫ్రేముల ఫిల్మ్‌ను అక్కడ ప్రసారం చేసేటప్పుడు 25 వేగంతో నడిపేసేవారు. దాంతో ఆట, మాట, పాట అన్నీ 4 శాతం వేగం అందుకుంటాయి. శ్రుతి ఒక స్వరస్థానంలో 0.7 వంతు పైకి లేస్తుంది. 30 సెకన్ల ప్రకటన 28.8 సెకన్లకు, నిమిషం ప్రకటన 57.6 సెకన్లకు దిగుతుంది. అమెరికా లాంటి దేశాలు వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఈ వేగం మార్పు ఉండదు. కాబట్టి మీ టేపు పాల్‌ది, ఆ కాపీ ఎన్‌టీఎస్‌సీది అయితే రెండు పాటలూ అసలైనవే. రెంటిలోనూ ఉన్న ఒక షాట్‌ను తీసుకుని దాని నిడివిని కొలవండి. తేడా సరిగ్గా 25కి 24 చొప్పున వస్తే కారణం ఇదే. పాల్ దేశాల కోసం మొదటినుంచీ 25 ఫ్రేముల్లో తీసిన ప్రకటనల్లో ఈ తేడా కనిపించదు. అప్పుడు వీసీఆర్ వేగాన్నో, వేరే గొంతుతో మళ్ళీ పాడించడాన్నో అనుమానించాలి.

టేపు మళ్ళీ పెట్టేముందు ఒక పని చేయండి. మీరూ అక్కా విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, ఆ ప్రకటనలో గుర్తున్నవన్నీ కాగితం మీద రాయండి. ఏ రంగు, ఏ మాట, ఎవరు ముందు వచ్చారు, చివర్లో ఏం కనిపించింది అన్నీ రాయాలి. కార్టూన్ బొమ్మల విషయంలో జ్ఞాపకం తేలిగ్గా అతుకులు వేసుకుంటుంది. క్యాథరిన్ బ్రౌన్, రియానన్ ఎల్లిస్, ఎలిజబెత్ లోఫ్టస్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, డిస్నీ వినోద పార్కులో బగ్స్ బనీ కనిపించినట్టు తయారుచేసిన ఒక ప్రకటనను కొందరికి చూపించారు. చిన్నప్పుడు తాము అక్కడ బగ్స్ బనీని కలిశామన్న నమ్మకం వాళ్ళలో కొందరికి కలిగింది. బగ్స్ బనీ వార్నర్ బ్రదర్స్ బొమ్మ, డిస్నీ పార్కులో ఉండే అవకాశమే లేదు. కాబట్టి ఎలుగు లేపే సీను వేరే ప్రకటనలోది అయ్యే అవకాశాన్ని కూడా తోసిపుచ్చకండి. ఇద్దరి కాగితాల్లోనూ విడిగా ఒకే వివరం ఉంటే దాని బలం వేరు.

ఇక టేపుల పని. మీ ఉత్తరంలో మేము ఒప్పుకోలేని మాట ఒక్కటే, ‘ప్రకటనలు మాత్రమే కోసి’ అన్నది. అక్కకు ఇచ్చే వీడియోలో అవి మాత్రమే ఉండొచ్చు. కంప్యూటర్‌లోకి మాత్రం టేపు మొదటినుంచి చివరిదాకా ఎక్కించండి. ప్రకటన మీద తేదీ ఉండదు. దాని పక్కనున్న వార్తలు, ‘ఈ రాత్రి 9 గంటలకు’ అనే ప్రోమో, ఛానల్ గుర్తు, ఇవే ఏ సంవత్సరం ఏ నెలలో వచ్చిందో పట్టిస్తాయి. వాటిని వదిలేస్తే మీ ఎలుగుకు వయసు తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఇంకో కారణం, మంచి ప్రకటనలు మీరు వెతకని చోట ఉంటాయి. ప్రకటనలు రాగానే పాజ్ నొక్కడం ఆ రోజుల్లో రికార్డు చేసేవాళ్ళందరి అలవాటు. పాజ్ తీసినప్పుడు అతుకు సరిగా పడాలని వీసీఆర్ టేపును కాస్త వెనక్కి జరిపి మళ్ళీ రాస్తుంది, దాంతో అంతకుముందు రికార్డైన చివరి క్షణం చెరిగిపోతుంది. మీ ప్రకటన మొదట్లో చిరిగినట్టున్నది బహుశా ఇలాంటి అతుకే. అక్కడ బొమ్మను నిలకడగా ఉంచే సింక్ సంకేతం ఒక్క క్షణం తెగుతుంది, చవక కన్వర్టర్ ఆ తెంపును తట్టుకోలేదు. పూర్తి ప్రకటనలు కావాలంటే టైమర్ పెట్టి రికార్డు చేసిన భాగాలు చూడండి, అక్కడ పాజ్ నొక్కేవాళ్ళు ఎవరూ లేరు. టేపు చివరి పది ఇరవై నిమిషాలు కూడా వదలకండి. కార్యక్రమం అయిపోయాక అలాగే నడిచిన భాగం అక్కడ ఉంటుంది. కొన్నిసార్లు కొత్త రికార్డింగ్ ఆగిన చోట దాని కింద నుంచి అంతకుముందరి పాత రికార్డింగ్ బయటపడుతుంది. ఇంట్లో అందరూ చెరిగిపోయిందనుకున్నది అక్కడే దొరుకుతుంది.

ఎక్కించేముందు ప్రతి క్యాసెట్‌నూ టార్చ్ వెలుగులో కిటికీ గుండా చూడండి. చుట్ట అంచు మీద తెల్లటి పొడి, దారాల్లాంటివి ఉంటే అది బూజు. అలాంటి దాన్ని వీసీఆర్‌లో పెట్టొద్దు. బూజు టేపును చదివే హెడ్‌లకు అంటుకుని మిగతా పది టేపులకూ పాకుతుంది. దాన్ని పక్కన ప్లాస్టిక్ సంచిలో విడిగా ఉంచి, శుభ్రం చేసే పని తెలిసినవారికి ఇవ్వండి. మిగతావాటికి వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పెచ్చును విరిచేయండి, ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ చెరగదు. చల్లటి గదిలో ఉన్న టేపులైతే వీసీఆర్ ఉన్న గదిలో ఒక రోజంతా ఉంచాలి. ప్రతి టేపునూ ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్ళ తరబడి ఒకే బిగువులో ఉన్న చుట్ట సమంగా సర్దుకుంటుంది.

వీసీఆర్ హెడ్ శుభ్రం చేయడంలోనే ఎక్కువమంది యంత్రాన్ని పాడుచేసుకుంటారు. ప్లగ్ తీసి, మూత విప్పి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలు రాలని పుల్లను (మెత్తటి తోలు తొడుగు ఉన్నదైతే మేలు) డ్రమ్‌కు (హెడ్‌లు అమర్చిన, గుండ్రంగా తిరిగే లోహపు భాగానికి) ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్‌ను పైనుంచి పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. తిరగాల్సింది డ్రమ్, పుల్ల కాదు. పుల్లను పైకీ కిందకీ రుద్దితే వెంట్రుక కంటే సన్నగా ఉండే హెడ్ విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల వాడితే దూది పోగులు హెడ్ సందులో చిక్కుకుంటాయి. పూర్తిగా ఆరాక, పోయినా పర్వాలేదనుకునే టేపు ఒకటి పెట్టి చూసి, ఆ తర్వాతే మీవి పెట్టండి.

వీసీఆర్ నుంచి కంప్యూటర్ దాకా దారి ఎలా ఉండాలంటే, వీలైతే, వెలుతురునూ రంగునూ విడివిడిగా పంపే ఎస్-వీడియో అవుట్‌పుట్ ఉన్న ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్ వాడండి. పసుపు రంగు కాంపోజిట్ తీగలో వెలుతురు, రంగు కలిసి ప్రయాణిస్తాయి. వాటిని మళ్ళీ విడదీసేటప్పుడు రంగు మారే అంచుల వెంట సన్నటి చుక్కలు పాకుతుంటాయి. మామూలు సినిమాలో ఇది పెద్దగా కంటికి ఆనదు. నల్ల గీత పక్కనే గాఢమైన ఎరుపు ఉండే కార్టూన్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ మధ్య లైన్ టీబీసీ (టైమ్ బేస్ కరెక్టర్) కావాలి. టేపు నుంచి వచ్చే ఒక్కో గీత ఎడమకో కుడికో కొద్దిగా జరిగి ఉంటుంది, అది వాటిని వరసలో పెడుతుంది. కొన్ని మంచి ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్‌లలో అది లోపలే ఉంటుంది. లేకపోతే కొన్ని పాత డీవీడీ రికార్డర్లను మధ్యలో పెట్టి, రికార్డు చేయకుండా సంకేతాన్ని వాటి గుండా పంపితే ఆ పని జరుగుతుంది. పానసోనిక్ ఈఎస్10, ఈఎస్15లకు ఈ విషయంలో మంచి పేరుంది. మీ ప్రకటన మొదటి రెండు క్షణాల చిరుగు ఈ ఒక్క మార్పుతోనే చాలావరకు తగ్గొచ్చు. కాంపోజిట్‌ను హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బాల జోలికి మాత్రం వెళ్ళకండి. అవి ఫీల్డులను (టీవీ బొమ్మలోని బేసి, సరి గీతల సగాలను) అడ్డదిడ్డంగా కలిపేసి, సైజు పెంచి పంపుతాయి. ఆ తర్వాత ఎంత తెలిసినవాళ్ళైనా దాన్ని విడదీయలేరు.

వీడియో ఎక్కించే సాఫ్ట్‌వేర్‌గా వర్చువల్‌డబ్ చాలు. పాల్ టేపుకు 720×576, 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ టేపుకు 720×480, 29.97 ఫ్రేములు. రంగు 4:2:2, ధ్వని 48 కిలోహెర్ట్జ్ 16 బిట్. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హఫ్‌వైయూవీ గానీ ఎఫ్ఎఫ్‌వీ1 గానీ పెట్టండి, ఈ రెంటిలోనూ ఏ సమాచారమూ పోదు. డీఇంటర్‌లేస్ అనే గడిలో టిక్ ఉంటే తీసేయండి (ఎందుకో కింద చెబుతాం). నేరుగా ఎంపీ4లోకి ఎక్కించొద్దు. గంట వీడియోకు ఏ కుదింపూ లేకుండా సుమారు 75 జీబీ అవుతుంది, ఈ కోడెక్‌లతో 30 నుంచి 40 జీబీ. పదకొండు టేపులు మూడేసి గంటలవైతే 33 గంటలు, అంటే దాదాపు 1,200 జీబీ. 2 టీబీ డిస్కులు రెండు తీసుకుని రెంటిలోనూ ఒకే కాపీ పెట్టి, రెండోదాన్ని అక్క ఇంట్లో ఉంచండి.

ఎక్కుతున్నప్పుడు రెండు విషయాల మీద కన్నుండాలి. ఒకటి, డ్రాప్ అయిన ఫ్రేముల లెక్క. అతుకుల దగ్గర ఒకటీ అరా పోవడం వేరు, లెక్క ఆగకుండా పెరుగుతుంటే వేరు. పెరుగుతుంటే పెదవులకూ పాటకూ పొత్తు తప్పుతుంది. టీబీసీ లేకపోవడమో, డిస్కు వేగం చాలకపోవడమో కారణమై ఉంటుంది. రెండోది తెలుపు. ఇది టూత్‌పేస్టు ప్రకటన కాబట్టి ఎలుగు పళ్ళు, పేస్టు, కార్టూన్ చేతి తొడుగులు అన్నీ తెలుపే. చవక కన్వర్టర్లు వెలుతురును వాటంతటవే పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. తెలుపు హద్దు దాటిందంటే పళ్ళ మధ్య గీసిన సన్నని గీతలు పోతాయి, తర్వాత ఎంత తగ్గించినా తిరిగి రావు. హిస్టోగ్రామ్ (వెలుతురు స్థాయిలను 0 నుంచి 255 దాకా చూపే పటం) తెరిచి, తెలుపు 235 దగ్గర ఆగేలా, నలుపు 16 దగ్గర మొదలయ్యేలా ఎక్కించకముందే సర్దండి. రికార్డింగ్ మారిన ప్రతిచోటా ట్రాకింగ్‌ను (హెడ్ టేపు మీది రికార్డింగ్ వెంట సరిగా నడిచేలా చేసే సర్దుబాటును) చేత్తో సరిచేయాలి. తక్కువ వేగంతో, అంటే ఎల్‌పీ, ఈపీ మోడ్‌లలో రికార్డు చేసిన టేపు, దాన్ని రికార్డు చేసిన వీసీఆర్‌లోనే బాగా ఆడుతుంది. నాన్నగారి పాత యంత్రం అటక మీదుంటే పారేయకండి. హైఫై ధ్వని చిటపటలాడితే నార్మల్ ట్రాక్‌కు మార్చండి. నాణ్యత తగ్గినా పాట నిలకడగా వస్తుంది.

ఇప్పుడు ఆ దువ్వెన పళ్ళు. టీవీ ఒక ఫ్రేమును రెండు ఫీల్డులుగా, ఒకదాంట్లో బేసి గీతలు, ఇంకోదాంట్లో సరి గీతలు పంపుతుంది. ఆ రెంటి మధ్య బొమ్మ కదిలితే కంప్యూటర్ తెర మీద పళ్ళు కనిపిస్తాయి. అందరూ చెప్పే సలహా డీఇంటర్‌లేస్ చేయమని. టీవీ స్టూడియో కెమెరాతో తీసిన వార్తలకూ వ్యాఖ్యాతలకూ అది సరైనదే, క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్ ఆ పని బాగా చేస్తుంది. ఫిల్మ్ మీద తీసిన కార్టూన్‌కు మాత్రం అది హాని. ఫిల్మ్ ఫ్రేములు అప్పటికే పూర్తి బొమ్మలు. వాటిని ఫీల్డులుగా ముక్కలు చేసి ప్రసారం చేశారంతే. సరైన జతలు మళ్ళీ కలిపితే అసలు ఫ్రేము చెక్కుచెదరకుండా వస్తుంది. డీఇంటర్‌లేసర్ అలా కలపకుండా సగం గీతల్ని ఊహించి గీస్తుంది. దాంతో ఎలుగు చుట్టూ ఉన్న నల్ల సిరా గీత మెట్లుమెట్లుగా విరుగుతుంది.

ఏది ఫిల్మో ఏది వీడియోనో తెలియాలంటే ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. పాల్ టేపులో ఫిల్మ్ ప్రకటన అయితే ఏ ఫ్రేములోనూ పళ్ళుండవు, లేదా కదిలిన ప్రతిచోటా ఒకే తీరుగా ఉంటాయి. రెండోది ఫీల్డులు ఒకటి పక్కకు జరిగిన రకం. ఒక ఫీల్డు జరిపి కలిపితే చాలు, అవిసింత్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో టీఎఫ్ఎం ఫిల్టర్ ఆ పని చేస్తుంది. ఎన్‌టీఎస్‌సీలో 24ను 30కి సాగదీయాలి కాబట్టి ఒక ఫిల్మ్ ఫ్రేమును రెండు ఫీల్డులు, తర్వాతిదాన్ని మూడు ఫీల్డులు చొప్పున పంచుతారు. ప్రతి ఐదు ఫ్రేముల్లో మూడు శుభ్రంగా, రెండు పళ్ళతో ఉంటాయని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. కార్టూన్‌లో అలా లెక్క పెడితే తప్పుతుంది. బొమ్మ కదలికలను ఎక్కువగా రెండు ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున, సెకనుకు 12 బొమ్మలతో గీసేవారు. అప్పుడు ఒక్కో బొమ్మ ఐదు ఫీల్డులు నిలుస్తుంది, ప్రతి ఐదు ఫ్రేముల్లో పళ్ళున్నది ఒక్కటే అవుతుంది. అదే ప్రకటనలో కెమెరా పక్కకు జరిగే షాట్ వస్తే, జరుగుదల ఫ్రేము ఫ్రేముకూ ఉంటుంది కాబట్టి మళ్ళీ రెండు కనిపిస్తాయి. ఇది తెలియనివాళ్ళు ఇదేదో పాడైన టేపు అనుకుని డీఇంటర్‌లేసర్‌కు అప్పగించేస్తారు.

ఎన్‌టీఎస్‌సీ అయితే టీఎఫ్ఎం తర్వాత టీడెసిమేట్ అనే ఫిల్టర్ పెట్టి ఐదింటిలో ఒక ఫ్రేము తీసేయాలి. కార్టూన్‌లో ఒకేలాంటి ఫ్రేములు చాలా ఉంటాయి గనుక అది తీయకూడనిదాన్ని తీసి, కెమెరా జరిగేచోట కుదుపు తెస్తుంది. మోడ్ 1 పెడితే పొడవుగా సాగిన నకళ్ళ వరస లోంచే ఫ్రేమును తీస్తుంది, కార్టూన్లకు అదే నప్పుతుంది. ప్రకటన చివర్లో డబ్బా లేదా ట్యూబు చూపిస్తూ పేరు వచ్చే నాలుగైదు సెకన్లు మాత్రం విడిగా చూడండి. ఆ అక్షరాలను చాలాసార్లు వీడియోలో తర్వాత అతికించేవారు. బొమ్మకు పనికొచ్చిన పద్ధతి అక్కడ పనికిరాకపోతే ఆ చివరి తునకను వేరుచేసి క్యూటీజీఎంసీకి ఇచ్చి, తర్వాత కలుపుకోండి.

ఎరుపు కారడం మీ కన్వర్టర్ ఒక్కదాని తప్పు కాదు. వీహెచ్ఎస్‌లో వెలుతురుకు అడ్డంగా 240 గీతల దాకా వివరం ఉంటే, రంగుకు ఉండేది 40 దగ్గర. పైగా రంగు కాస్త కుడికి జరిగి కూర్చుంటుంది. టేపు నుంచి టేపుకు కాపీ చేసిన ప్రతిసారీ కొంచెం కిందికి కూడా దిగుతుంది. కార్టూన్‌లో దీన్ని సరిచేయడం తేలిక, ఎందుకంటే రంగు ఎక్కడ ఆగాలో సిరా గీతే చూపిస్తుంది. ఎలుగు నిశ్చలంగా నిలబడిన ఫ్రేము ఒకటి తీసుకుని పెద్దది చేయండి. చొక్కా ఎడమ అంచులో గీతకూ ఎరుపుకూ మధ్య ఎన్ని పిక్సెళ్ళ ఖాళీ ఉందో లెక్కించండి. రంగు పొరను మాత్రమే అన్ని పిక్సెళ్ళు ఎడమకు జరపండి, మామూలుగా రెండు నుంచి నాలుగు. భుజం దగ్గర చూసి అవసరమైతే ఒకటి రెండు గీతలు పైకి. ఇది టేపు మొత్తానికి ఒకేలా వర్తించదు, రికార్డింగ్ మారినప్పుడల్లా మళ్ళీ కొలవాలి. పూర్తి పదును ఆశించకండి. ఆ 40 గీతల్లో లేని రంగు వివరాన్ని ఎవరూ తేలేరు.

నాయిస్ తగ్గించడంలో చేయి తేలిగ్గా ఉండాలి. పక్కపక్క ఫ్రేములను పోల్చి శుభ్రం చేసే ఫిల్టర్లు కార్టూన్ మీద బాగానే పనిచేస్తాయి, ఒక్కో బొమ్మ ఎక్కువగా రెండు ఫ్రేములు నిలుస్తుంది కదా. కానీ ఖర్చు తగ్గించడానికి ఆ రోజుల్లో ఒళ్ళంతా కదలకుండా ఉంచి, నోటిని మాత్రం వేరే పారదర్శక షీటు మీద మార్చేవారు. ఫిల్టర్ జోరు పెంచితే ఆ చిన్న నోటి కదలికనే అది నాయిస్ అనుకుంటుంది. ఎలుగు మాట్లాడుతుంటే మూతి చుట్టూ మసక అలుముకుంటుంది. పాట మొత్తంలో నోరు వేగంగా ఆడే చోట ఆపి చూసి, అక్కడ మసక రానంతవరకే పెంచండి. ఏఐ యాప్‌లో కళ్ళు మారిపోయింది కూడా ఇలాంటి కారణానికే. టేపులో ఎలుగు కన్ను పది పన్నెండు గీతల్లో ఇమిడి ఉంటుంది. యాప్ ఆ మసకను సరిచేయడం లేదు, తనకు అలవాటైన కన్ను ఒకటి తెచ్చి పెడుతోంది. చూడ్డానికి నున్నగా ఉండొచ్చు గానీ అది మీ ఎలుగు కాదు. మా మట్టుకు మేము కార్టూన్ ప్రకటనలకు ఏఐ వద్దనే అంటాం.

అక్కకిచ్చే వీడియోను ఈ శుభ్రమైన ముక్కలతో 4:3 నిష్పత్తిలో, పాల్ అయితే 768×576, ఎన్‌టీఎస్‌సీ అయితే 640×480 చతురస్ర పిక్సెళ్ళలో, హెచ్.264లో సీఆర్ఎఫ్ (నాణ్యత స్థాయి) 18 దగ్గర తయారుచేయండి. వెడల్పు తెర నిండాలని సాగదీస్తే ఎలుగు లావెక్కుతుంది, పైనా కిందా కోస్తే చెవులో ట్యూబు మీది పేరో పోతాయి. అడుగున మినుకుమినుకుమనే కొన్ని గీతలు వీసీఆర్ హెడ్ మారేచోటివి. వాటిని చూసే కాపీలో నల్లగా కప్పేయండి, అసలు ఫైల్‌లో ముట్టుకోవద్దు. ప్రతి ముక్కకూ పేరు ఇలా పెడితే మూలం దొరుకుతుంది: ‘టేపు07_1గం22ని40సె_టూత్‌పేస్టు_ఎలుగు_58సె’.

పదకొండు టేపుల్లోనూ ఆ పూర్తి సీను లేకపోతే బయట వెతకాలి. బ్రాండు పేరుతో దొరకనిది గీసినవాళ్ళ పేరుతో దొరకొచ్చు. రెయిడ్ పురుగుల మందు ప్రకటనల వెనక కార్టూన్ దర్శకుడు టెక్స్ ఏవరీ ఉన్నాడు. 1963లో వచ్చిన క్యాప్‌న్ క్రంచ్ అనే అల్పాహార సీరియల్ ప్రకటనల కెప్టెన్‌ను నడిపించింది జే వార్డ్ స్టూడియో. 1950లలో మేపో ఓట్స్ ప్రకటనలు జాన్ హబ్లీ బృందానివి. ఇటలీలో 1957 నుంచి 1977 దాకా రాత్రిపూట వచ్చిన కరొసెల్లో అనే ప్రకటనల కార్యక్రమం లోంచే కాలిమేరో అనే నల్ల కోడిపిల్లా, కవాందోలీ గీసిన ‘లా లీనియా’ గీత మనిషీ పుట్టారు. వాటిని ప్రకటనలుగా కాక కార్టూన్ సిరీస్‌లుగా జాబితా చేసినవాళ్ళూ ఉన్నారు. టీవీ కార్యక్రమాల బొమ్మలే ప్రకటనల్లో నటించిన సందర్భాల్లో ఆ కార్యక్రమం పేరుతో వెతకండి. 1960లో మొదలైన ఫ్లింట్‌స్టోన్స్‌ను విన్‌స్టన్ సిగరెట్లు స్పాన్సర్ చేశాయి, ఫ్రెడ్, బార్నీ తెర మీదే పొగ తాగేవారు. ఆ ప్రకటనలు పాత ఎపిసోడ్ల ప్రింట్లకు అతుక్కుని మిగిలాయి. డ్యూక్ విశ్వవిద్యాలయం వారి యాడ్‌వ్యూస్ సేకరణ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ప్రెలింగర్ సేకరణ, ఫ్రాన్స్‌లో ఐఎన్ఏ (జాతీయ ప్రసారాల ఆర్కైవ్), ఇంగ్లండ్‌లో హిస్టరీ ఆఫ్ అడ్వర్టైజింగ్ ట్రస్ట్ మొదట చూడాల్సినవి.

ఎలుగు ప్రకటన 1970ల నడిమికంటే పాతదైతే ఇళ్ళల్లో రికార్డు చేసిన టేపుల మీద ఆశ పెట్టుకోకండి. సోనీ బీటామ్యాక్స్ వచ్చింది 1975లో, వీహెచ్ఎస్ 1976లో. అంతకుముందరివి దొరికితే 16 ఎంఎం ఫిల్మ్ ప్రింట్లుగానే దొరుకుతాయి. అమ్మేవాళ్ళు పొడవు చెబితే నిడివి మీరే లెక్కకట్టొచ్చు. 16 ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు, కాబట్టి నిమిషం ప్రకటన 36 అడుగులు, అర నిమిషానిది 18. ‘పూర్తి ప్రకటన’ అని 18 అడుగుల ముక్క పంపితే మీ సీను అందులోనూ ఉండదు. వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ కుళ్ళడం మొదలైంది, దాన్ని మిగతావాటి పక్కన పెట్టొద్దు. అంతా గులాబీ రంగుకు తిరిగి ఉంటే మిగతా రంగులు వెలిసిపోయినట్టు. స్కాన్ చేశాక కొంత సరిచేయొచ్చు. ప్రొజెక్టర్‌లో ఆడించకుండా నేరుగా స్కానింగ్‌కు పంపండి. ఒకే చుట్టలో పది ప్రకటనలు అతికించి ఉంటే కోయనివ్వకండి. 16 ఎంఎంలో ధ్వని బొమ్మకంటే 26 ఫ్రేములు ముందుంటుంది. బొమ్మ దగ్గర కోస్తే తర్వాతి ప్రకటన పాట మొదటి సెకను పైచిలుకు ముందుదాని తోకలో ఉండిపోతుంది.

ఇంట్లో చూసుకునే వీడియోను ఇంటర్నెట్‌లో పెట్టాలనిపిస్తే, బొమ్మ మీద కంపెనీకీ, పాట మీద వేరొకరికీ హక్కులు ఉండొచ్చని గుర్తుంచుకోండి. హక్కుదారు అడిగితే తీసేయాల్సి వస్తుంది. పెడితే మాత్రం వివరణలో టేపు పాల్‌దో ఎన్‌టీఎస్‌సీదో, నిడివి ఎంతో, మొదట్లో ఎన్ని క్షణాలు పోయాయో, పక్కనున్న కార్యక్రమాన్ని బట్టి ఏ నెల అనిపిస్తోందో రాయండి. మీకు దొరికిన ఆ కాపీ కింద ఈ నాలుగూ ఉండుంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోయేవి.